మూడు గీతల సీసా

మా మనవరాలు ఫార్మసీ చదువుతోంది. మొన్న వాళ్ల క్లాసు పిల్లలు నలుగురు ఇంటికొచ్చి, "తాతగారూ, మీ రోజుల్లో మందులు మీరే కలిపేవారటగా?" అని కళ్లు పెద్దవి చేసుకుని అడిగారు. నేనేదో పాములు పట్టేవాణ్ణన్నట్టు చూశారు. అవునమ్మా, కలిపేవాళ్లం. అట్టలో మాత్రలు కత్తిరించి ఇచ్చే పని కాదు మాది. మీకు ఒక సీసా సంగతి చెబుతాను. అప్పుడు మీకు నవ్వు రాకపోవచ్చు.

ఆ రోజుల్లో ఆస్పత్రికి వచ్చేవాళ్లు సీసా ఇంటి నుంచే తెచ్చుకోవాలి. కిరసనాయిలు వాసన వచ్చే సీసాలు, మూత లేక చెక్కబిరడా పెట్టిన సీసాలు, ఎన్ని రకాలో. అందులో మందు పోసి, పక్కన ఒక కాగితం అంటించేవాళ్లం. ఆ కాగితాన్ని ఒకవైపు రంపం పళ్లలాగా కత్తిరించాలి. ఒక పన్నుకు ఒక మోతాదు. చదువు రాని ముసలమ్మకైనా "ఈ గీత దాకా పొద్దున, ఈ గీత దాకా మధ్యాహ్నం" అంటే తెలిసిపోయేది. నా కత్తెర పనిని చూసి డాక్టర్లు మెచ్చుకునేవారు. మా నాన్న నెల్లూరులో ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. గిన్నె లోపల కళాయి ఎక్కడా మందం కాకుండా, ఎక్కడా పలచన కాకుండా ఆయన చెయ్యి తిరిగే తీరు చూస్తూ పెరిగాను. కొలత నాకు అక్కడి నుంచే వచ్చిందని గర్వంగా చెప్పుకునేవాణ్ణి.

మా ఇంట్లో సారా అనే మాటే పలికేవాళ్లు కాదు. సాయిబుల ఇల్లు, అందులోనూ మా నాన్న నమాజు తప్పని మనిషి. తాగినవాడు వీధిలో వస్తుంటే మా అమ్మ తలుపు వేసేసేది. నాకు తాగుబోతులంటే అసహ్యం. జాలి కూడా లేదు. ఉన్నమాట చెబుతున్నాను, అప్పటికి నాకు ఇరవై అయిదేళ్లు దాటలేదు.

యాభైల తొలినాళ్లలో నా మొదటి ఉద్యోగం ఒక పెద్ద ఊరి ఆస్పత్రిలో. అక్కడ వరండా చివర ఒక గది ఉండేది. తాగి తాగి ఒక్కసారిగా ఆపేసినవాళ్లను అందులో పడుకోబెట్టేవారు. చేతులు వణుకుతూ, గోడ మీద లేని చీమలను దులుపుకుంటూ కేకలు పెట్టేవాళ్లు. దుప్పట్లు చీల్చి మంచానికి కట్టేవాళ్లం. నిద్ర పట్టడానికి ఇచ్చే మందు కంపు ఆ గది గోడలకు కూడా పట్టి ఉండేది. వారం పదిరోజులకు తేరుకుని ఇంటికి పోయేవారు. రెండు నెలలకు మళ్లీ అదే మంచం, అవే కట్లు.

తర్వాత ఒక డాక్టరు వాంతుల వైద్యం మొదలుపెట్టాడు. ముందు ఒక ఇంజెక్షన్ ఇస్తారు. కడుపులో తిప్పడం మొదలయ్యే సమయానికి సరిగ్గా సారా గ్లాసు నోటికి అందిస్తారు. ఒక గుక్క, వెంటనే వాంతి. అయిదారు రోజులు ఇదే. ఇక జన్మలో ఆ వాసన తగిలితే చాలు, డోకు రావాలన్నది వాళ్ల లెక్క. బేసిను పట్టుకుని నిలబడటం నా పని. ఊళ్లలో పెట్టుడు మందు కక్కిస్తామని పసరు పోసేవాళ్లుంటారు కదా, వాళ్లు చేసేదే మన డాక్టరూ చేస్తున్నాడని మా నర్సమ్మ నా చెవిలో అంది. ఒకతను ఇంటికి పోతూ నాతో చెప్పాడు, "ఇంగ సారా వాసనొస్తే కక్కొస్తాది. ఆస్పత్రి వాసనొచ్చినా కక్కొస్తాది." నెల తిరక్కుండానే అతను ముక్కు మూసుకుని తాగడం నేర్చుకున్నాడని తెలిసింది. మద్యనిషేధం అమల్లో ఉన్న కాలం అది. పోలీసులు పట్టుకుపోయేవాళ్లు, ఆస్పత్రివాళ్లు కట్టేసేవాళ్లు, సరుగుడు తోపుల్లో కాచేవాళ్లు కాస్తూనే ఉండేవాళ్లు. ఇదంతా చూసి నేనొక నిర్ణయానికి వచ్చేశాను. ఇది రోగం కాదు, వట్టి కొవ్వు, దీనికి వైద్యం లేదు అని.

అరవైల మొదట్లో నన్ను ముత్తుకూరు దాటి ఇంకా తూర్పున ఉన్న ఒక చిన్న ఆస్పత్రికి మార్చారు. రెండు గదులు, ఒక బెంచీ, ఒక అలమారా. ఎదురుగా కాలువ, కాలువ అవతల మైలున్నర ఇసుక, ఆ చివర సముద్రం. డాక్టరు నాకంటే రెండేళ్లే పెద్ద. మద్రాసులో చదివి వచ్చినవాడు. నన్ను "భాయ్" అని పిలిచేవాడు. ఒకరోజు మద్రాసు నుంచి తెచ్చుకున్న డబ్బా విప్పి తెల్లటి బిళ్లలు చూపించాడు.

"ఇది తాగుడు మాన్పించదు భాయ్. రోజూ ఇది మింగేవాడు సారా తాగితే ఒళ్లు తట్టుకోలేదు. ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, ప్రాణం పోతున్నట్టు ఉంటుంది. ఆ భయమే కాపలా. మానాలనుకోవడం మాత్రం వాడే అనుకోవాలి."

అందరికంటే ముందు ఆ బిళ్ల మింగిన మనిషి గురించే ఈ కథ.

అతనికి నలభై ఏళ్లుంటాయి. సముద్రం ఒడ్డు ఊళ్లో చుక్కాని పట్టే మనిషి. నీళ్ల రంగు చూసి చేప ఎక్కడుందో, దిబ్బ ఎక్కడుందో చెప్పేవాడని పేరు. కానీ తాగి రెండుసార్లు పడవ బోల్తా కొట్టించాడు. రెండోసారి ఇద్దరు నీళ్లు తాగి చావు దాకా వెళ్లి వచ్చారు. దాంతో ఊరి పెద్దలు అతని మీద దురాయి వేశారు. దురాయి అంటే ఆ ఊళ్లలో పెద్దల కట్టుబాటు. దాన్ని దాటినవాణ్ణి పోలీసులు పట్టుకోరు, కానీ ఊరు పలకదు. ఇంకొక్కసారి తాగితే ఆ ఊరి ఏ పడవలోనూ అతనికి చోటు లేదన్నారు. పడవలో చోటు లేకపోతే ఆ మనిషికి భూమి మీద కూడా చోటు లేనట్టే.

అతని భార్య అతణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. డాక్టరు, "చేతులు చాపు" అన్నాడు. తాగుడు మనిషిని మేం మొదట చూసేది అదే. వేళ్లు విడదీసి చాపిన ఆ చేతులు వణికిపోతున్నాయి. ఆ చేతులతో చుక్కాని ఎట్లా పట్టాడో అనుకున్నాను.

ఆస్పత్రిలోనే ఉంచుకుని కొన్నాళ్లు బిళ్లలు ఇచ్చాం. తర్వాత పరీక్ష. మా కళ్ల ముందే కొంచెం బ్రాందీ తాగించి, ఏమవుతుందో అతనికే తెలిసేలా చెయ్యాలి. ఆ కాలపు పద్ధతి అది. డాక్టరు ఆస్పత్రి బ్రాందీ సీసా తీసి కొలిచి ఇవ్వమన్నాడు. "నేను దాన్ని ముట్టుకోను సార్" అన్నాను. ఆయన నవ్వి తనే కొలిచి పోశాడు. పావుగంట గడవకముందే ఆ మనిషి ముఖం పండుమిరపకాయలా అయింది. ఎగశ్వాస, చెమటలు, కళ్లు తేలేయడం. గంటకు తేరుకుని, "సావంటే ఇట్టుంటదని తెలిసింది. సాలు" అన్నాడు. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ అతను అట్లా గిలగిలలాడుతుంటే నాకు తృప్తిగానే ఉండింది. తగిన శాస్తి అనుకున్నాను.

బిళ్లలు ఇంటికి ఇవ్వొద్దు, రోజూ నీ ముందే మింగాలి అని డాక్టరు నాకు అప్పజెప్పాడు. రోజూ సాయంత్రం ఆస్పత్రి మూసే వేళకు ఆ మనిషి ఇసుకలో నడిచి, కాలువ దాటి వచ్చేవాడు. నేను బిళ్ల ఇచ్చి, నీళ్లిచ్చి, "నాలుక ఎత్తు" అనేవాణ్ణి. దొంగచాటుగా ఉమ్మేస్తాడని నా అనుమానం. అతను నోరు తెరిచి, నాలుక ఎత్తి, పక్కలకు కూడా తిప్పి చూపించేవాడు. కోపం తెచ్చుకోలేదు ఏ రోజూ.

"సూసినావా సాయబన్నా?"

"చూశాను. ఇక పో."

పోయేవాడు కాదు. బెంచీ మీద కాసేపు కూర్చునేవాడు. ఏ గాలికి ఏ చేప పడుతుందో చెప్పేవాడు. మొదట్లో నేను అలమారా సర్దుకుంటూ వినీ విననట్టు ఉండేవాణ్ణి. రెండు నెలలకు అతను రావడం అయిదు నిమిషాలు ఆలస్యమైతే గుమ్మంలోకి వచ్చి కాలువ వైపు చూడటం నాకే తెలియకుండా అలవాటైంది. ఏడు నెలలు ఒక్కరోజు తప్పలేదు. తుఫాను గాలిలో కూడా తలకు గోనెపట్టా కప్పుకుని వచ్చాడు. అతణ్ణి చూసి చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఇంకో నలుగురు రావడం మొదలుపెట్టారు. పెద్దలు అతనికి మళ్లీ చుక్కాని ఇచ్చారు.

అట్లా ఉండగా ఒక సాయంత్రం కడుపు పట్టుకుని వచ్చాడు. "పొద్దుట్నుంచి ఒకటే ఉబ్బరం అన్నా" అన్నాడు. డాక్టరు మీటింగు పని మీద నెల్లూరు పోయి ఉన్నాడు. కడుపు ఉబ్బరానికి డాక్టరును అడగాల్సిన పని లేదు. నా గ్యాస్ మిక్చరు ఆ చుట్టుపక్కల పేరుపడ్డ మందు. యాలకుల టింక్చరు, అల్లం టింక్చరు, ఇంకా రెండు మూడు కలిపి చేసేది. మా జనానికి మందు ఘాటుగా ఉండాలి. గొంతు మండకపోతే "నీళ్లిచ్చినాడు సాయిబు" అనేవాళ్లు. అందుకని నాకు కావలసినవాళ్లకు టింక్చరు రవ్వంత ఎక్కువే పోసేవాణ్ణి. ఆ రోజు అతనికి ఇంకాస్త ఎక్కువ పోశాను. ఏడు నెలలుగా నా ముందు నాలుక ఎత్తి చూపిస్తున్న మనిషి మీద అది నా ప్రేమ. మూడు పళ్లు ముచ్చటగా కత్తిరించి, కాగితం అంటించి ఇచ్చాను. కాసేపటికి నొప్పి తగ్గిందని, మందు రేపు పొద్దున తాగుతానని అంటూ వెళ్లాడు.

మర్నాడు నేను ఆస్పత్రి తలుపు తీస్తుంటే అతని భార్య పరుగెత్తుకుంటూ వచ్చింది.

"అన్నా, పడవ నెట్టతా నెట్టతా పడిపొయ్యినాడన్నా! ముగం సూస్తే బయమేస్తుండాది. రాన్నా!"

సంచీ తీసుకుని కాలువ దాటి ఇసుకలో పడి పరుగెత్తాను. పడవ పక్కన పడుకోబెట్టి ఉన్నాడు. చుట్టూ జనం. ముఖం పండుమిరపకాయ. ఎగశ్వాస. నాడి అందడం లేదు. ఏడు నెలల కింద మంచం మీద చూసిన మనిషే మళ్లీ నా ముందు ఉన్నాడు. కాళ్లు ఎత్తు మీద పెట్టించి, ఇలాంటప్పుడు చెయ్యమని డాక్టరు నేర్పిన ఇంజెక్షన్ చేశాను. చేతులు వాటి పని అవి చేస్తున్నాయి కానీ నా తలలో కోపం బుసలు కొడుతోంది. నన్ను మోసం చేశాడే అని.

ఊరి పెద్ద కర్ర పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. డెబ్బై ఏళ్ల మనిషి, ఒక కంటికి పువ్వు వేసి ఉంది.

"ఏం సాయిబూ, ఏందిది?"

నేను తల కూడా ఎత్తకుండా, "తాగినాడు" అన్నాను.

ఒక్క మాట. ఆ మాట ఒడ్డు పొడుగునా పాకడం నాకు వినిపించింది. కాంపౌండరే చెప్పినాడంట, తాగినాడంట.

అతను కళ్లు తెరిచాడు. "నేను తాగలా" అన్నాడు మెల్లగా.

భార్య ఏడుస్తూ నేనిచ్చిన సీసా తెచ్చి చూపించింది. "నువ్విచ్చిన మందే గదన్నా తాగినాడు పొద్దున! ఇంగేం ముట్టలా!" సీసా ఖాళీ. మూడు మోతాదులూ ఒక్కసారే తాగేసినట్టున్నాడు, మా జనానికి ఇదొక జబ్బు అనుకున్నాను. "నా మందుకు ఇట్లా కాదమ్మా. నా మందు నాకు తెలీదా?" అన్నాను. ఆమె ఇంకేదో అనబోతే అతను, "నువ్వూరుకో" అని ఆమెను ఆపి నా వైపు ఒకసారి చూసి కళ్లు మూసుకున్నాడు. దొరికిపోయిన మనిషి చూపు అనుకున్నాను. పొద్దుగూకే వేళకు వలలు బాగుచేసుకునే కొట్టం కింద పెద్దలు కూర్చుంటారని, దురాయి సంగతి అక్కడ తేలుస్తారని చెప్పి ఊరి పెద్ద వెళ్లిపోయాడు. ఏం తేలుస్తారో అందరికీ తెలుసు.

అతను తేరుకున్నాక ఆస్పత్రికి తిరిగి వచ్చాను. మధ్యాహ్నం ఒక ముసలమ్మ గ్యాస్ మిక్చరు కోసం వచ్చింది. కొలత గ్లాసు ఎడమచేత్తో పట్టుకుని, అల్లం టింక్చరు సీసా బిరడా తీశాను. గుప్పుమని వాసన. పదేళ్ల నుంచి రోజూ పీలుస్తున్న వాసనే. కానీ ఆ రోజు పొద్దున్నే ఆ మనిషి మీద ఒంగి నాడి చూసేటప్పుడు, అతని ఊపిరిలో కూడా నాకు అదే వాసన తగిలింది. అప్పుడు దాన్ని సారా అనుకున్నాను. ఇప్పుడు అది నా చేతిలో ఉంది.

సీసా తిప్పి లేబుల్ చదివాను. మందు పేరు కింద చిన్న అక్షరాల్లో ఆల్కహాల్ అని ఉంది. పెద్ద అక్షరాలు తప్ప నేనేనాడూ చదివింది లేదు. నిషేధం రోజుల్లో నాయుడుపేట వైపు అల్లం టింక్చరు తాగి పట్టుబడుతున్నారని విన్నవాణ్ణే. తాగుబోతులు వార్నిషు కూడా తాగుతారు, వాళ్లకేం అని నవ్వినవాణ్ణే. ఆ టింక్చరూ నా అలమారాలో ఉన్న టింక్చరూ ఒకటే అన్న ఆలోచన నా బుర్రకు తట్టలేదు. బ్రాందీ ముట్టుకోనని డాక్టరు ముందు గొప్పలు పోయిన ఈ చేతులే పదేళ్లుగా దాన్ని కొలిచి పోస్తూ ఉన్నాయి. ముసలమ్మను బెంచీ మీద కూర్చోమని పెరట్లోకి పోయి చేతులు కడుక్కున్నాను. మళ్లీ కడుక్కున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, కడుక్కోవాల్సింది చేతులు కాదని. ఆ ఒడ్డున నేనన్న మాట ఉందే, అది.

రెండు గంటల బస్సుకు డాక్టరు దిగాడు. చెప్పాను. ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"తప్పు నీది కాదు భాయ్. బ్రాందీ ముట్టుకోనంటే నవ్వాను కానీ, నీ అలమారాలో ఏముందో నీకు చెప్పలేదు. బిళ్ల ఇచ్చేవాడు చెప్పాల్సిన మొదటి మాట అది. నేనొక్కణ్ణే పోయి చెప్పొస్తాను. నీ పేరు రానివ్వను."

ఆశ పుట్టిందని ఒప్పుకుంటున్నాను. సాయిబు సారా పోశాడని నెల్లూరు దాకా పోతుంది ఈ మాట. కళాయి గిన్నె ముందు కూర్చున్న మా నాన్న చెవిన పడుతుంది. ఉద్యోగం మాట సరేసరి. కానీ తాగినాడని అన్నది డాక్టరు కాదు. "నేనన్న మాట నేనే తీసుకోవాలి సార్" అని టింక్చరు సీసా సంచీలో పెట్టుకున్నాను.

మేం పోయేసరికి కొట్టం కింద పెద్దలు కూర్చుని ఉన్నారు. అతను ఒక పక్కన మోకాళ్లు ముడుచుకుని ఇసుక వైపు చూస్తున్నాడు. భార్య వెనక నిలబడి ఉంది. నేను నిలబడి చెప్పాను. పొద్దున నేనన్నది తప్పు, ఇతను తాగలేదు, నేనిచ్చిన మందులోనే సారా ఉంది, అది నాకు తెలియక పోశాను, మూడు మోతాదులూ ఒక్కసారి తాగడంతో ఇట్లా అయింది అని.

ఎవరూ నమ్మలేదు! ఊరి పెద్ద నవ్వాడు.

"సాయిబూ, నీది మంచి మనసు. వాడంటే నీకు పేణం. అందుకని అబద్దమాడుతుండావు. మందులో సారా ఏంది? అట్టయితే పిల్లకాయల కాణ్ణించి ముసిలోళ్ల దాకా అందురూ తాగినోళ్లే గదా ఈ ఊళ్లో!"

జనం గొల్లుమన్నారు. డాక్టరు కూడా అవునని చెప్పాడు. డాక్టరూ సాయిబూ ఒకటే, వాణ్ణి కాపాడుతుండారని వెనక నుంచి ఎవరో అన్నారు. నిజం చెబితే నమ్మరన్న సంగతి నేను ఊహించలేదు. ఏం చెయ్యాలో తెలియక సంచీలోంచి సీసా తీసి ఊరి పెద్ద చేతికిచ్చాను.

ఆయన బిరడా తీసి వాసన చూశాడు. ఆయన నవ్వు ఆగిపోయింది. చిన్నప్పుడు తోపుల్లో సారా కాచిన మనిషి ఆయన, తర్వాత మానేశాడు. కొబ్బరిచిప్ప తెమ్మన్నాడు. కొంచెం టింక్చరు అందులో వంచి, అగ్గిపుల్ల గీసి అంటించాడు. కాచిన సారా గట్టిదో కాదో తెలుసుకోవడానికి వాళ్లు చేసే పరీక్ష అది. అప్పుడే చీకటి పడుతోంది. చిప్పలో నీలంగా మంట లేచింది.

నేను పదేళ్లు కొలిచి పోసింది కొబ్బరిచిప్పలో మండుతుంటే నిలబడి చూశాను. అంత భయమూ అంత అబ్బురమూ నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు. మంట ఆరిపోయేదాకా ఎవరూ కదల్లేదు.

"మండింది గదా. ఇంగేం జెప్పేది" అన్నాడు ఊరి పెద్ద. "పడవ వాడిదే. దురాయి లేదు."

అతని భార్య కూలబడి ఏడ్చింది. అతను లేచి ఇసుక దులుపుకుని నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను కూడా.

"పద సాయబన్నా. పొద్దుబొయ్యింది. కాలవ దాకా వస్తా."

ఆ తర్వాత నెల రోజులు మా ఆస్పత్రిలో జరిగింది చెబితే మీరు నవ్వుతారు. కోస్తా పొడుగునా మగవాళ్లందరికీ ఒక్కసారిగా కడుపు ఉబ్బరం పట్టుకుంది. సీసాలు పట్టుకుని బారులు తీరారు. పెద్ద సీసాలు! నేను వాము నీళ్లలో సోడా ఉప్పు కలిపి పోశాను. ఒక్కొక్కరూ ఒక గుక్క తాగి, నా ముఖంలోకి చూసి, నయమైపోయిందని చెప్పి వెళ్లిపోయారు.

కానీ నాకు నవ్వు రాలేదు. సీసా పట్టుకుంటే చెయ్యి వణికేది. ఏ మందులో ఏముందో అని ప్రతి లేబులూ మూడుసార్లు చదివేవాణ్ణి. మందు కలపడం నా వల్ల కాదు, రికార్డులు రాసే పని ఏదైనా ఇప్పించండని డాక్టరుకు కాగితం కూడా రాసిచ్చాను. ఆయన దాన్ని సొరుగులో పడేసి, కొన్నాళ్లు చూద్దామన్నాడు. ఆ మనిషి మాత్రం ఏమీ జరగనట్టు రోజూ సాయంత్రం వచ్చేవాడు. బిళ్ల, నీళ్లు, బెంచీ, గాలి కబుర్లు. "నాలుక ఎత్తు" అనడం నేను మానేశాను. అతను మానలేదు. తనే ఎత్తి చూపించి, "సూసినావా?" అనేవాడు.

ఏడాది తిరిగాక బిళ్లలు రావడం ఆగిపోయింది. మద్రాసుకు ఎన్ని ఉత్తరాలు రాసినా లాభం లేదు. డబ్బా ఖాళీ అయిన రోజు ఆ అయిదుగురికీ ఎట్లా చెప్పాలో తెలియక గుమ్మంలో నిలబడ్డాను. ఖాళీ డబ్బా చూపించాను. మిగతావాళ్ల ముఖాలు వాడిపోయాయి. అతను మాత్రం బెంచీ మీద కూర్చుని చెయ్యి చాపాడు.

"బిళ్ల లేకపోతే నీళ్లయినా ఇయ్యి. సూసేదానికి నువ్వుండావు గదా."

గ్లాసు ఇచ్చాను. తాగాడు. నాలుక ఎత్తి చూపించాడు. ఒకరి తర్వాత ఒకరు అందరూ తాగారు. మర్నాడూ వచ్చారు. ఆ మర్నాడూ వచ్చారు. కొత్తవాళ్లు చేరారు. కొందరు జారిపోయారు, జారినవాళ్లలో కొందరు తల వంచుకుని మళ్లీ వచ్చి బెంచీ చివర కూర్చున్నారు. వాళ్లకు మొదట గ్లాసు అందించేవాడు అతనే. మా డాక్టరు గుమ్మానికి ఆనుకుని చూస్తూ, "దూరదేశాల్లో తాగుడు మానినవాళ్లు ఇట్లా ఒకచోట కూర్చుంటారని చదివాను భాయ్. వీళ్లకు ఎవరు చెప్పారు?" అని ఆశ్చర్యపోయేవాడు. కట్టేసి, కక్కించి, భయపెట్టి మేం చెయ్యలేని పని మంచినీళ్ల గ్లాసుతో జరుగుతుంటే, నేను దాని ముందు నోరు తెరుచుకుని నిలబడ్డవాణ్ణి. ఆ పనిలో నా వంతు కుండ నింపడమే.

అరవైల చివర్లో నాకు బదిలీ అయింది. బస్సు దగ్గరికి అతను వచ్చాడు. జుట్టు నెరిసింది. చుక్కాని ఇంకా అతనిదే.

"సాయబన్నా, ఒక మాట జెప్పాల. ఆ పొద్దు పెద్దోళ్ల కాడ, మూడు మోతాదులూ తాగినానని జెప్పినావు. ఒకటే తాగినా."

"సీసా ఖాళీగా ఉండిందే?"

"నోట్లో పోసుకోంగానే తెలిసిపొయ్యింది. ఇరవై ఏండ్లు తాగినోణ్ణి, నాకు తెలీదా? అప్పటికే మింగేసినా. సీసా సేతిలో ఉండాది. ఇంకా రెండు గీతలుండాయి. ఆస్పత్రిలో ఇచ్చిందే గదా, ఎవురూ ఏమీ అనరు గదా, పేణం పోతే పోనీలే అనిపించింది. రెండుసార్లు నోటి దాకా ఎత్తినా. మళ్లా ఇసకలో పోసేసినా."

మనిషికి అంత బలం ఉంటుందని ఏ పుస్తకమూ ఏ డాక్టరూ నాకు చెప్పలేదు. అప్పుడు అడిగాను.

"ఆ రోజే చెప్పలేదేం? పడవ పోయేది కదా నీకు?"

"ఆస్పత్రి మందులో సారా ఉండాదని నా నోటితో జెప్తే, ఆ నలుగురూ మళ్లా నీ కాడికొస్తారా అన్నా? పడవ లేకపోతే వల అల్లుకుంటాలే అనుకున్నా."

"మరి ఇసుకలో పోసిన రోజే నీకు నయమైపోయింది కదా. ఇన్నేళ్లు రోజూ అంత దూరం ఎందుకు నడిచొచ్చావు?"

అతను నవ్వాడు. "తర్వాత రోజు బిళ్ల ఇచ్చేటప్పుడు నీ సెయ్యి సూసినా. వణకతా ఉండాది. ఆ వణుకు నాకు తెలుసన్నా. ఒంటిగా వొదిలేస్తే మనిషి నిలబడడు. అందుకని వచ్చినా."

కండక్టరు ఈల వేశాడు. నేను ఎక్కి కూర్చుంటే ఆ మనిషి నా సంచీ లోపల పెట్టి, కిందికి దిగి, కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"ఏదీ, సెయ్యి సాపు" అన్నాడు.

కిటికీలోంచి చెయ్యి చాపాను. వేళ్లు విడదీసి పట్టుకున్నాను. అతను డాక్టరులాగా ఒంగి, కళ్లు చికిలించి, తీరుబడిగా చూశాడు.

"వణకడంలా. ఇంగ పో."